గొంగడి ఇల్లు

ఎల్లారెడ్డి,
జూన్ 11

పిట్టా,

నిన్ను ఇట్ల పిలిచేటోడు లేడు. ఇక నేనే పిలవాలె. మొదట కృపారాణి అని రాసిన. రేషన్ కార్డు మీద పేరు లెక్క కనిపించింది, కొట్టేసిన.

ఫోన్ ఉండంగ ఉత్తరమేంది అత్తమ్మా అంటావు. ఫోన్ చేస్తే ఏమవుతున్నది? నీ గొంతు విని నాకు, నా గొంతు విని నీకు ఏడుపు. "తిన్నవా" అంటే "తిన్న", "మీరు తిన్నరా" అంటే "తిన్న". ఇద్దరం అబద్ధమాడి పెట్టేస్తున్నం. కాయితం మీదనైతే ఏడుపొచ్చినప్పుడు పెన్ను పక్కన పెట్టొచ్చు. పాస్టరమ్మ బైబిలు చదువుడు నేర్పినప్పుడు వచ్చిన రాత ఇది, తప్పులుంటే నవ్వుకో. శాంతవ్వ కూరగాయల గంపతో కామారెడ్డి వస్తది గదా, ఆమె చేతికిస్తున్న.

వానలు మొదలైనయి. మన ఇంటి ముందటి శెలక చేన్ల రాజు కట్టిన గుండ్రటి ఇల్లు నిలబడే ఉన్నది. బస్సులో పోయేటోళ్లు ఇంకా మెడలు చాపి చూస్తున్నరు. నిన్న పక్కింటి పెద్దవ్వ వచ్చి "ఇది ఇల్లా, గడ్డివామా?" అన్నది. అది మొదటిసంది ఆమె అనే మాటే. రాజు ఉంటే ఊకునేటోడా? "పెద్దవ్వా, మంగోలియా దేశంల గొర్లు కాసేటోళ్లు ఇసొంటి ఇండ్లల్లనే ఉంటరు. నీకు ఈ ఊరు మొఖం మొత్తితే ఇల్లు ఇప్పి సంచిల పెట్టుకొని పోవచ్చు" అని నవ్విస్తుండె.

నీకు తెలిసిందే రాస్తున్న. రాస్తుంటే వాడు మాట్లాడినట్టుంటది. వికారాబాద్ దిక్కు ఏదో రిసార్టులో కర్రపనికి పోయి అసొంటి ఇండ్లు చూసొచ్చిండు గదా. ఒక్క వానకాలానికే అవి బూజు పట్టి కుళ్లిపోతే తీసి పారేసిండ్రట. "తప్పు ఇంటిది కాదవ్వా. అది చలిదేశపు ఇల్లు. మన వానను అడగకుంట కట్టిండ్రు" అన్నడు. తను అడిగి కడతా అన్నడు. బొంగు బద్దలతో జాలి గోడ అల్లిండు. మీ మామ పాత ఎడ్లబండి గీర చక్రం తీసి నడినెత్తిన పెట్టి, చుట్టూ వాసాలు గుచ్చిండు. ఆ దేశంల ఉన్నితో కప్పుతరట. మనకు ఉన్ని అంటే గొంగడే అని, బాలరాజు దగ్గర నల్ల గొంగళ్లు నేయించి కప్పిండు.

ఆగస్టు ఇరవై ఎనిమిదికి వాడు పోయి ఏడాది. జ్ఞాపకార్థ కూడిక ఆ ఇంట్లనే పెట్టాలని నా మనసు. మీ మామ ఆ దిక్కు మొఖం కూడ తిప్పడు. "నా కొడుకును మింగిన ఇల్లది. ఏడాది కాంగనే ఇప్పేస్త" అంటుండు. కూడిక దాకనన్న దానికి ఏమీ కావద్దు. ఒక్క చుక్క కూడ లోపలికి పోవద్దు. నువ్వు టార్పాలిన్లు కుట్టే షాపుల్నే ఉన్నవు గదా. ఇల్లు మొత్తం మునిగేటంత పెద్దది ఒకటి కుట్టి పంపు.

వేళకు తిను.

మీ అత్తమ్మ
సాలవ్వ


కామారెడ్డి,
జూన్ 22

అత్తమ్మకు వందనాలు.

మీ ఉత్తరం షాపులోనే చదివాను. పక్క మిషన్ మీద కుట్టే వినీత "ఎవరు రాశారక్కా?" అంటే, "మా అత్తమ్మ" అన్నాను. "ఈ కాలంలో కూడా ఉత్తరాలు రాసే అత్తలున్నరా? మా అత్త వాట్సాపులనే తిడ్తది" అంది. నవ్వొచ్చింది. మీరు నవ్వమన్నారు కదా, అందుకే రాస్తున్నాను.

టార్పాలిన్ కుట్టాను. రెండు ముక్కలు జోడించి, జోడు దగ్గర మూడు వరుసలు వేశాను. శాంతవ్వ గంపలో పట్టదు, ఎల్లారెడ్డి బస్సు పైన వేయమని చెప్పాను. దాన్ని కప్పడానికి మీరు నిచ్చెన ఎక్కవద్దు. బాలరాజు మామను పిలవండి. మీరు ఎక్కారని తెలిస్తే నేను వెంటనే బస్సెక్కి వచ్చేస్తాను.

ఒక సంగతి. దోమకొండ దగ్గర తోట ఉన్న చక్రధర్ సారు మళ్లీ ఫోన్ చేశారు. మన గుండ్రటి ఇల్లు ఒక పూర్తి వానాకాలం తట్టుకుంటే తన తోటలో అలాంటివి నాలుగు కట్టించుకుంటానని మా ఆయనకు అప్పట్లో మాటిచ్చిన సారే. "ఇప్పుడు కట్టేవాళ్లు లేరు కదమ్మా" అన్నారు. మళ్లీ చేస్తానని ఫోన్ పెట్టేశాను. కానీ అత్తమ్మా, కొలతలన్నీ నా చేతికి తెలుసు. గొంగళ్ల అంచులన్నీ కుట్టింది నేనే. ఆ ఇల్లు ఈ వానాకాలం నిలిస్తే, కట్టేవాళ్లు ఉన్నారు సార్ అని చెప్పాలనుంది. మామయ్యకు ఇప్పుడే చెప్పకండి.

ఇంకో మాట అడగాలి. గీర మీద కప్పే మూత, నేను కుట్టింది, ఆ రోజు తర్వాత ఎక్కడ పెట్టారు? ఉందా, పారేశారా?

మీ
కృప


ఎల్లారెడ్డి,
జులై 2

పిట్టా,

టార్పాలిన్ అందింది. బాలరాజు, ఆయన కొడుకు అక్షయ్ వచ్చి కప్పిండ్రు. నేను ఎక్కలేదు, ఒట్టు. కిందనే నిలబడి ఇట్ల లాగు, అట్ల లాగు అని అరిచిన. బాలరాజు "ఓ సాలవ్వా, కప్పేది నేనా నువ్వా? నీ నోటితోనే సగం కప్పినవు" అన్నడు.

నడినెత్తి గీర మీది నుంచి నేల దాక మొత్తం మూసినం. చుట్టూ మూడు వరుసల తాడు బిగించి కట్టినం. కింద అంచు మీద మట్టి పోసి తొక్కినం. తలుపుకు కూడ కవరు దించి కట్టిన. ఇప్పుడు ఈగ దూరాలన్నా సందు లేదు. నిన్న మొన్న పెద్ద వాన కొట్టింది. నేను మన ఇంటి చూరు కింద కూసోని బీడీలు చుట్టుకుంట దాన్నే చూసిన. నీళ్లు జారి పోతున్నయి. నా కొడుక్కు గొడుగు పట్టినట్టనిపించింది.

మీ మామ చూసి "చచ్చినోనికి బట్ట చుట్టినట్టు చుట్టినవు" అన్నడు. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

మూత సంగతి అడిగినవు. ఉన్నది. పెట్టెలో ఉన్నది. ఇప్పుడు దాంతో ఏం పని?

చక్రధర్ సారు సంగతి నాలోనే పెట్టుకున్న. నువ్వు కడితే నేను బద్దలు గీకి ఇస్త. బీడీ ఆకు కత్తిరించే చేతికి బొంగు ఒక లెక్క కాదు.

చిక్కిపోయినవని శాంతవ్వ చెప్పింది. తిను.

మీ అత్తమ్మ


కామారెడ్డి,
జులై 14

అత్తమ్మా,

పది రోజుల నుంచి ఈ ఉత్తరం రాస్తున్నాను, చింపుతున్నాను. ఇది చదివాక మీరు నన్ను పిట్టా అని పిలవకపోయినా నేనేమీ అనుకోను.

ఆ వారం నేను దోమకొండలో మా అమ్మ దగ్గర ఉన్నాను కదా. ఆ రోజు పొద్దున ఆయన ఫోన్ చేశాడు. "పిట్టా, మూతకు తాడు కట్టే పట్టీ దగ్గర కుట్టు వదులుగ కొడుతున్నది, ఒకసారి చూడాలె" అన్నాడు. నేను ఆ పట్టీకి ఒకే వరుస వేశాను. రెండోది వేయాలని తెలుసు. చీకటి పడుతోందని, తర్వాత వేద్దామని వదిలేశాను. ఆ మాట ఆయనకు చెప్పలేదు. "ఆదివారం వస్తా, చూస్తాలే" అన్నాను. అంతే. అదే ఆఖరి మాట.

మధ్యాహ్నం వానలో మూత పడలేదని, సరిచేయడానికి పైకెక్కి జారాడని మీరు ఫోన్లో చెప్పగానే నాకు అర్థమైంది. ఆ కుట్టు తెగి ఉంటుంది. ఆ రోజు నుంచి ఎవరికీ చెప్పలేదు. మూడు నెలలు మీ ఇంట్లో, మీరు కలిపి పెట్టిన అన్నం తిన్నాను, చెప్పలేదు. మీ ముఖం చూడలేకే ఉద్యోగమని ఇక్కడికి వచ్చాను. ఇప్పుడు షాపులో ఎవరు ఏం తెచ్చినా మూడు వరుసలు వేస్తాను. ఓనరు "దారం నీ సొంతమా?" అని తిడతాడు.

మూత అడిగింది అందుకే. తెగిన చోటు ఒకసారి చూడాలి. చూడకుండా ఉండలేకపోతున్నాను.

కృప


ఎల్లారెడ్డి,
జులై 23

పిట్టా,

నువ్వు నాకు పిట్టవే. ముందు ఆ మాట చదువు, తర్వాత మిగతాది చదువు.

నీ ఉత్తరం చదివి పెట్టె తెరిచి మూత తీసిన. శాంతవ్వ చేతికి ఇచ్చి పంపుతున్న, నీ కండ్లతో నువ్వే చూసుకో. నీ కుట్టు తెగలేదు. ఒక్క పోగు కూడ లేవలేదు. ఆ రోజు గాలికి మూత వెనక్కి తిరగబడి, తాడు అవతలి దిక్కు పడ్డది. దాన్ని ఇవతలికి తేను ఎక్కిండు. నీ చేతిల తప్పు లేదు బిడ్డా.

తప్పు ఎక్కడుందో నాకెరుక. ఇది నేను దేవునికి చెప్పిన, మనిషికి చెప్పలేదు.

ఆ రోజు నానబెట్టిన తునికాకు మూట ఆ ఇంట్ల పెట్టిన. లోపల చల్లగ ఉంటది, ఆకు వాడదని. మబ్బు పట్టి ఒక్కసారే వాన దంచింది. రాజు అప్పుడే పళ్లెం ముందర కూసున్నడు. రెండు ముద్దలు తిన్నడో లేదో. నేను వాకిట్ల నుంచి కేకేసిన. "రాజూ, మూత పడలేదురా, నా ఆకు తడుస్తది." "తినొస్త అవ్వా" అన్నడు. "నువ్వు తినేదాక ఆకు ఆగుతదా?" అన్న. గంతే. చెయ్యి కడుక్కొని లేచిండు. గొంగడి తడిసి నున్నగ ఉన్నది. కాలు జారింది. కింద అరుగు కోసం వాడే పేర్చిన బండరాయి తలకు తాకింది. పళ్లెంల అన్నం అట్లనే ఉన్నది, పప్పు కలిపి.

ఒక ఆకు మూట కోసం పిట్టా. తడిసినా ఏమయ్యేది? ఆ మూట తర్వాత నేను ముట్టలేదు. ఆ ఇంట్లనే ఉన్నది.

నిన్న నీ ఉత్తరం చదివినంక దాన్ని తీసి పారేయాలని తలుపు కవరు తాళ్లు విప్పి లోపలికి పోయిన. తలుపు తీయంగనే వాసన కొట్టింది. ఆ వాసన నాకు చిన్నప్పటిసంది తెలుసు. తడి ఆకును గాలి ఆడకుండ కట్టిపెడితే వచ్చే బూజు వాసన. మూట నుంచే అనుకున్న. కాదు. ఆ మూట ఎప్పుడో ఎండి పొడైంది. గొంగళ్ల లోపలి దిక్కు తెల్లగ బూజు. బొంగు బద్దలను ముట్టుకుంటే చెమట పట్టినట్టు తడి. నాలుగు బద్దలు మెత్తబడ్డయి. పైనుంచి ఒక్క చుక్క కూడ కారలేదు, టార్పాలిన్ మంచిగనే ఉన్నది. నేల ఊపిరి లోపలనే నిలిచి, పోను దారి లేక, ఇంటినే తింటున్నది.

నలభై ఏండ్లు బీడీలు చుట్టిన దాన్ని. ఆకుకు తడి కావాలె, గాలి కూడ కావాలె అని చిన్న పొల్లలకు నేర్పినదాన్ని. వాడి ఇంటి కాడికి వచ్చేసరికి మరిచిపోయిన. వాన తాకొద్దు, ఎవ్వరూ తాకొద్దు అని కట్టేసిన.

ఏం చేయాల్నో నాకు తెలుస్తలేదు. మీ మామకు కనపడితే ఇప్పుడే పీకేస్తడు. నీకు తెలిస్తే చెప్పు.

సాలవ్వ


కామారెడ్డి,
జులై 28

అత్తమ్మా,

మూత వచ్చింది. వినీతకు కూడా చూపించాను, నా కళ్లను నేను నమ్మలేక. నిజమే, తెగలేదు. కుట్టు మీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

మీరు రాసింది నాలుగు సార్లు చదివాను. మీ తప్పు లేదని నేను రాయను. రాస్తే మీరు నమ్మరు, నాకు తెలుసు. ఎందుకంటే నాకు అలా ఎవరైనా చెబితే నేనూ నమ్మేదాన్ని కాదు. మీరు పిలిచారు, ఆయన లేచాడు. అది జరిగింది. కానీ అత్తమ్మా, ఆయన ఎవరు పిలిచినా అన్నం మీద నుంచి లేచేవాడు. పెద్దవ్వ బొక్కెన బావిలో పడిందంటే లేవలేదా? నేను కరెంటు పోయిందంటే లేవలేదా? నేను ఎన్నిసార్లు లేపానో లెక్క లేదు. ఆ రోజు పిలిచింది మీరయ్యారు. అంతవరకే నేను రాయగలను.

ఇప్పుడు ఇల్లు. టార్పాలిన్ వెంటనే తీసేయండి. గొంగళ్లు దించి ఎండ కాసినప్పుడల్లా ఆరేసి, కట్టెతో దులపండి. మెత్తబడ్డ బద్దలు మార్చి, మిగతావాటికి వేపనూనె పట్టించండి. గొంగళ్లకు మళ్లీ చింతగింజల గంజి పెట్టమని బాలరాజు మామకు చెప్పండి. దానివల్లే గొంగడి మీద నీళ్లు నిలవవని ఆయనే అనేవారట.

ఆయన గీతలు గీసుకున్న పుస్తకం నా దగ్గర ఉంది. ఏడాదిగా ట్రంకులోనే ఉంది, నేనూ తెరవలేదు. ముందే తెరిచి ఉంటే టార్పాలిన్ పంపేటప్పుడే మీకు చెప్పేదాన్ని. మొన్న తెరిచాను. అందులో అంతా ఉంది. పైన కవరు వేయాలట, కానీ గొంగడిని తాకకుండా, మధ్యలో బద్దలు పెట్టి బెత్తెడు సందు వదలాలట. కింద జానెడు ఎత్తులో ఆపేయాలట. నేల తడి పైకి రాకుండా పలకల అరుగు వేయాలట. మూత గీరకు అంటకూడదట, గొడుగులా మూరెడు ఎత్తులో నిలవాలట, వాన కురిసేటప్పుడు కూడా లోపలి ఆవిరి పోయేలా. పేజీ చివర రాసుకున్నాడు: "వాన బయటినుంచి ఒక్కటే రాదు. లోపలినుంచి కూడ వస్తది."

ఆయన గీసిన మూతకు తాడు బయటే ఉంది. అది ఒక్కటి నేను మార్చాను. కొత్త మూత కుట్టాను. నాలుగు మూలలా నాలుగు తాళ్లు, నాలుగూ గీర చక్రపు ఆకుల మధ్య నుంచి లోపలికే దిగుతాయి. నేల మీద నిలబడి లాగొచ్చు, వదలొచ్చు. ఇక ఎవరూ ఎక్కనక్కరలేదు.

మామయ్యకు చెప్పండి. ఇంటి సంగతి, ఆకు సంగతి, రెండూ.

కృప


ఎల్లారెడ్డి,
ఆగస్టు 9

పిట్టా,

చెప్పిన.

ఆయన పొద్దున చాయ్ తాగుతుండె. నేను నిలబడే చెప్పిన, కూసుంటే చెప్పలేనని. ఆకు మూట, పళ్లెం, నా కేక, అంతా చెప్పిన. కప్పు కింద పెట్టిండు. తర్వాత "ఎరుకే" అన్నడు.

"ఏం ఎరుక?" అన్న.

"పక్క మడిల ఉన్న గదా. నీ కేక విన్న. వాడు తినొస్త అన్నది కూడ విన్న."

"మరి ఏడాది సంది ఒక్క మాట అనకపోతివి?"

"అంటే ఏమైతుండె? తప్పు ఇంటి మీద పెట్టిన. ఇంటి మీద పెట్టకుంటె నీ మీద పెట్టాలె. నువ్వు గూడ పోతె నాకెవరున్నరే?"

నలభై ఏండ్ల కాపురంల ఆయన ఇంత మాట మాట్లాడింది లేదు. ఇద్దరం ఆ చాయ్ చల్లారేదాక ఏడ్చినం.

మధ్యాహ్నం చూస్తే మనిషి లేడు. శెలక దిక్కు పోయిన. ఏడాది తర్వాత ఆ ఇంటి కాడ నిలబడి ఉన్నడు. టార్పాలిన్ తాళ్లు కొడవలితో కోస్తుండు. పీకేస్తుండనుకున్న. "ఏం జేస్తున్నవ్?" అని ఉరికిన. "గాలి ఆడనిస్తున్న. నువ్వు ఆ కొస పట్టు" అన్నడు. లోపలికి పోయి తలెత్తి తన బండి గీరను చూసిండు. "ఒక్క వాసం కూడ సడలలేదు. మంచిగ కూసోబెట్టిండు బేకార్‌గాడు" అన్నడు. కొడుకును తిట్టక ఏడాదైంది ఆయన. ఆ తిట్టు వినంగనే నాకు బలం వచ్చింది.

నాలుగు రోజులు పని చేసినం. బాలరాజు చింతగింజల గంజి కాచి తెచ్చిండు. "దీన్ని మూసిపెట్టిందెవరు? గొర్రె కూడ వానలనే తిరుగుతది, దానికెవరన్న కవరు కడతరా?" అని నన్ను తిట్టిండు. తిట్టించుకున్న. ముందటి నాలుగుకు ఇంకొకటి కలిసి ఐదు బద్దలు పోయినయి, మిగతావి గట్టిగనే ఉన్నయి. మీ మామ అరుగుకు పలకలు కొడుతున్నడు. కవరుకు, గొంగడికి నడుమ సందు బెత్తెతో కొలిచి కొలిచి పెడుతున్నడు. కొత్త మూత నువ్వే తీసుకురా. నీ చేతితోనే కట్టాలె.

కూడిక ఆ ఇంట్లనే. ఆయనే పాస్టరయ్యకు చెప్పొచ్చిండు.

సాలవ్వ


ఎల్లారెడ్డి,
సెప్టెంబరు 6

పిట్టా,

నువ్వు కూడిక అయ్యి బస్సెక్కినంక రెండు రోజులు బాగనే ఎండ కాసింది. కూడిక నాడు వాన పడలేదని నువ్వు చిన్నబోయినవు, ఇల్లు నిలుస్తదో లేదో తెలియకపాయె అని. నువ్వు పోయిన మూడో నాడు మొదలైంది. ఐదు రోజులు విడవలేదు. కాలువలు పొంగినయి, లింగంపేట దిక్కు ఆటోలు కూడ బంద్ అయినయి. అందుకే శాంతవ్వ రాలేదు, ఉత్తరం ఆలస్యమైంది.

వాన మొదలైన పూట నేను ఒక పని చేసిన. కొత్తగ చుట్టిన బీడీల కట్ట ఒకటి తీసుకుపోయి, ఆ ఇంట్ల జాలి గోడకు ఆనించి పెట్టిన. మూత ఎత్తి గొడుగు లెక్క నిలిపిన. నాలుగు తాళ్లు లోపలినుంచే, నువ్వు చూపినట్టు. చేతికి అందినయి. నా చేతికే అందినయంటే ఎవ్వరికైనా అందుతయి. పైకి చూసిన, గీర ఆకుల నడుమ నుంచి మబ్బు కనిపించింది, చుక్క పడలేదు.

ఐదో నాడు పోయి కట్ట తీసిన. బూజు పట్టిన కట్ట అయితే చేతిల మెత్తగ ఉంటది, బీడీలు లెక్క పట్టుకునే టేకేదారు ముట్టకుండనే పక్కకు తోస్తడు. ఇది చెవి కాడ పెట్టి ఆడిస్తే గలగలమన్నది. గోడ బద్దలు ఒక్కొక్కటి ముట్టి చూసిన. పొడిగ ఉన్నయి. గొంగడి వాసన చూసిన. ఉత్త గొంగడి వాసనే, గొర్రె వాసన. మన ఇంటి పెంకులే రెండు చోట్ల కారినయి, ఆ ఇల్లు కారలేదు. మీ మామ గొంగడి తెచ్చుకొని అక్కడనే పడుకుంటుండు. మన ఇల్లు కారుతున్నదని సాకు చెప్తుండు. పెద్దవ్వ వచ్చి లోపల కూసోని, "గడ్డివామంటిని గని, మంచిగనే ఉన్నదే" అన్నది.

చక్రధర్ సారును రమ్మని చెప్పు. కట్టేవాళ్లు ఉన్నరని చెప్పు. బద్దలు గీకేది నేను, గీర కూసోబెట్టేది మీ మామ, కుట్టేది, కొలిచేది నువ్వు. మీ మామ అప్పుడే ఊళ్ల ఎవరి దొడ్డిల పాత బండి గీరలున్నయో అడిగొస్తుండు. నువ్వు ఇక్కడికి వచ్చి ఉంటవో, కామారెడ్డిలనే ఉంటవో, నీ ఇష్టం. నేను రమ్మని పిలవను. పిలుపు సంగతి నాకు భయం. వస్తే తలుపు తీసే ఉంటది.

రాజు అన్నం మీద నుంచి లేచిండన్నది నన్ను ఇడుస్తలేదు పిట్టా. ఇడువదు కూడ. మొన్న మీ మామ పళ్లెం ముందు కూసున్నప్పుడు బయట బర్రె తాడు తెంపుకున్నది. నోటి దాక వచ్చిన కేకను మింగేసిన. నేనే పోయి కట్టేసి వచ్చిన. ఆయన నింపాదిగ తిన్నడు. చూసుకుంట కూసున్న.

నీకు ఒక్కటే చెప్తున్న. షాపుల ఓనరు పిలిచినా, ఫోన్ మోగినా, నేనే పిలిచినా, అన్నం ముందర కూసున్నంక సగంల లేవకు. కూసోని, కడుపు నిండ తిను.

మీ అత్తమ్మ